కాకిబంగారం

క్లబ్బు రిజిస్టరు నా దగ్గరే ఉండాది.
మొదటి పదకొండు పేజీలు చెదలు తినేశాయి,
కాబట్టి మా చరిత్ర పన్నెండో పేజీలో మొదలవుతుంది:
"గూడూరు రైల్వే మీద ఓటమి. సున్నా–తొమ్మిది. వాన లేదు."

వాన లేదని ఎందుకు రాశాడో చెంగయ్య మామ,
ఇంకే సాకూ దొరకలేదని కాబోలు.

చెదలు తిన్నది మాత్రం నోటితో చెబుతారు.
లోకోషెడ్డు ఫైర్‌మన్ డికాస్టా
మా గని గుమస్తా దగ్గర చేసిన అప్పుకి
డబ్బు బదులు తోలు బంతి ఇచ్చి పోయాడంట.
గుమస్తా దాన్ని కుదురు మీద పెట్టి
వారం రోజులు గుమ్మడికాయలాగా చూసుకున్నాడంట.
ఎనిమిదో రోజు ఆయన కూతురు తన్నింది.
అది పోయి షిఫ్టు దిగి వస్తున్న
యానాది పోలయ్య రొమ్ముకి తగిలింది.
ఆయన దాన్ని కింద పడనీయలేదు.
మా గోల్‌కీపరు ఎంపిక అట్టా జరిగింది.

స్తంభాలు గనిలో మిగిలిన సరుగుడు కర్రలు.
వల పోలయ్య వాళ్ళది. చెరువు నిండితే
విప్పుకుని చేపలకి తీసకపోయేవాళ్ళు.
అందుకే మా రిజిస్టర్లో
ఆశ్వయుజం నుంచి మార్గశిరం దాకా
గోలయిందా కాలేదా అనే తగాదాలే ఎక్కువ.

మైదానం నిండా మైకా పొడి.
పడితే మోకాలు గీసుకుపోయేది,
గీసుకుపోయిన చోటే మెరిసేది.
దీపం లేకపోయినా మొగుణ్ణి పోల్చుకునేదంట దొరసానమ్మ,
పగలంతా షెడ్డులో కూర్చుని
కత్తితో రేకు రేకుగా మైకా చీల్చే మనిషి.
"గనిలో చాలకనా, ఆటలో కూడా పూసుకొచ్చావా"
అంటా తడిగుడ్డ అందించేదంట.
ఆమెకి ఆఫ్‌సైడు తెలుసు.
మా సెంటర్ ఫార్వర్డుకి చివరి దాకా తెలీలేదు.

అరవై తొమ్మిదిలో మూడో నంబరు గని కూలింది.
ఆ పేజీలో స్కోరు లేదు.
ఏసుపాదం, మస్తాను, మస్తాను తమ్ముడు ఖాదరు,
ముగ్గురి ఎదురుగా "రాలేదు" అని ఉంది.
పై ఆదివారం "రాలేదు".
ఆ పై ఆదివారం "రాలేదు".
ఏడాది పొడుగునా హాజరు పిలిచారు,
ఎనిమిది మందే ఆడారు.
వాకాడు జట్టు వచ్చి, మమ్మల్ని ఒకసారి లెక్కపెట్టుకుని,
తమ వాళ్ళలో ముగ్గుర్ని గట్టు మీద కూర్చోబెట్టింది.
ఆ రోజు గెలిచామని రాసి, కొట్టేసి,
పక్కన మామే రాశాడు: "లెక్కలోకి రాదు."

ఎనభై నాలుగు తుఫానుకి స్తంభాలు కొట్టుకుపోయాయి.
ఒకటి కందకంలో దొరికింది.
తర్వాత టీవీ, టీవీ వెనకాలే క్రికెట్టు.
పిల్లోళ్ళు మా ఒంటిస్తంభాన్ని వికెట్టు చేసుకున్నారు.
ఆ తర్వాత రష్యావాళ్ళు మైకా కొనడం మానుకున్నారన్నారు.
రష్యా ఎటువైపో మాకు తెలీదు.
గని గేటుకి తాళం వేస్తే మాత్రం కనిపించింది.

కొందరు సూళ్ళూరుపేట ఫ్యాక్టరీలకి,
కొందరు చెన్నైలో సెంట్రింగు పనులకి.
నేను రైట్ బ్యాకుని, అవతలికి పోవడం అలవాటు లేదు.
అందుకే సెక్రటరీనయ్యాను.

మొన్న తెల్లరాయి లీజుకని ఒక కుర్రాడొచ్చాడు.
టేపు పరిచి, కాలితో మన్ను గీకి
"ఈడ ఏముండాది పెద్దాయనా?" అన్నాడు.
"నువ్వు నిలబడ్డది పెనాల్టీ చుక్క" అన్నాను.
వాడు ఒకడుగు పక్కకి జరిగాడు.
ఎందుకు జరిగాడో వాడికీ తెలీదు.

ఈ వారం హాజరు ఏడుగురు.
అందులో ఒకడు పోలయ్య మనవడు,
బంతిని చేత్తో పట్టుకోవడమే తప్ప
తన్నడం రాదు వాడికి, వాళ్ళ తాత లాగానే.
గాలిపంపు ఉంది, సూది లేదు.
సూది కొనవలెనని తీర్మానం.
ఎవరి డబ్బులతో అనేది
వచ్చే ఆదివారం మాట్లాడతాం.